ఎనిమిది తలుపులు

పలెర్మో, ఇటలీ
12 ఏప్రిల్ 1981

బావకి సత్యం నమస్కారాలు. అక్క కూడబలుక్కుని తనే చదువుకుంటుందని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. కాగితం వృథా చేస్తున్నానని నువ్వు సణగకు.

లిబియాలో నా రెండేళ్ళ కాంట్రాక్టు మార్చి నెలాఖరుతో అయిపోయింది. నాతో పనిచేసినవాళ్ళంతా సూట్‌కేసులకి తాళ్ళు కట్టుకుని బొంబాయి విమానం ఎక్కేశారు. నేను ఎక్కలేదు. తిట్టేముందు కాస్త విను. రెండేళ్ళు ఇసుకలో, రేకుల షెడ్డులో కూర్చుని, నేనెప్పటికీ చూడబోని ఇళ్ళకి ప్లాన్లు గీశాను. ఒక నాలుగు నెలలు నాకోసం తిరగాలనిపించింది. వీపుకి తగిలించుకునే సంచీ ఒకటి కొనుక్కుని, మాల్టా మీదుగా పడవలో ఈ సిసిలీ దీవికి వచ్చిపడ్డాను. చొక్కాలు రెండు. ఒకటి ఒంటిమీద ఉంటే రెండోది తాడుమీద ఉంటుంది. రొట్టె, టమాటా, ఉప్పు తింటున్నాను. స్టేషను బల్లల మీదా, బడి వరండాల్లోనూ పడుకుంటున్నాను. నాలాంటి సంచీవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఎక్కువమంది జర్మనీ కుర్రకారు. వాళ్ళు చర్చిలు చూస్తారు. నేను చూసేవి వేరు.

ఇక్కడికి బస్సులో మూడు గంటల దూరంలో కొండమీద ఒక ఊరుంది. పదమూడేళ్ళ కిందట భూకంపం వచ్చి జనమంతా ఒక్కసారిగా ఖాళీ చేసేశారు. సగం ఇళ్ళు పడిపోయాయి, సగం అలాగే ఉన్నాయి. మూడు రోజులు ఆ ఇళ్ళల్లోనే తిరిగాను. కింద గాడిద ఉండే గది, పైన మనుషులుండే గదులు. మెట్టు ఎత్తు తొమ్మిది అంగుళాలు. మన దగ్గరైతే ఏ ఓవర్సీరూ పాసు చెయ్యడు. ఒక వంటింట్లో గోడ పడిపోతే పొగగొట్టం లోపల ఎలా కట్టారో మొత్తం కనిపించింది. పుస్తకంలో చదివితే అర్థం కానిది అక్కడ ఒక్క చూపులో అర్థమైపోయింది. చెప్పడానికి సిగ్గేస్తోంది గాని, నా జన్మలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను బావా.

మన ఇంటి వసారా మూల సన్నటి పగులు ఉండేది కదా, అది పెరిగిందా? నేను ప్లాను గీసిన మొదటి ఇల్లు అదే. ఎక్కడ ఏ గోడ చూసినా అదే గుర్తొస్తుంది.

ఇంకో నెల ఈ చుట్టుపక్కలే ఉంటాను. తర్వాత బారి, ఆ తర్వాత ఏథెన్సు. బారి పెద్ద పోస్టాఫీసు పేరున రాస్తే నేను వెళ్ళి అడిగేదాకా దాచి ఉంచుతారు.

ఇట్లు
నీ బావమరిది
సత్యం

*

గాజువాక పోస్టు, విశాఖపట్నం
2 మే 1981

చిరంజీవి సత్యానికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ అక్క మూడుసార్లు చదివింది. నేను ఒకసారి చదివి ఊరుకున్నాను.

దేశం కాని దేశంలో రొట్టె కొరుక్కుంటూ, స్టేషను బల్లల మీద పడుకుంటూ పాడుబడ్డ ఇళ్ళు చూస్తున్నావన్నమాట. చదువుకున్నవాడివి, నీకు తెలియనిదేముంది. పోర్టులో మా గ్యాంగు వాళ్ళకి చెప్పాను. సన్యాసిరాజు పగలబడి నవ్వి, "పాడుకొంపలు సూడ్డానికి ఓడెక్కాలేటి బావా? మీవోణ్ణి మనూరు రమ్మను" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

వసారా పగులు పెరగలేదు. ఇంకేమీ పెరగలేదు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. క్రేను కేబినులో కూర్చుంటే కింద ఖనిజం ధూళి, పైన సూర్యుడు. మధ్యాహ్నం దిగేసరికి ఇటుకలా కాలిపోయి ఉంటాను. యారాడ నుంచి వచ్చే చేపలామె నీ గురించి అడిగింది. తిరుగుతున్నాడని చెప్పాను.

నీకు ఆ ఇళ్ళంటే అంత సంతోషంగా ఉంటే అలాగే కానీ. మనుషులు ఏ కన్నీళ్ళతో వదిలిపోయారో వాళ్ళకే తెలుస్తుంది. గోడల కొలతలు నువ్వు రాసుకో.

మీ అక్క ఒక ప్రశ్న అడగమంది. మనుషులు వెళ్ళిపోయాక ఇల్లు ఎక్కణ్ణుంచి పడడం మొదలెడుతుంది? ముందు ఏది పోతుంది, ఏం చేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది? వివరంగా రాయమంది. ఎందుకే అంటే, "ఊరికినే" అంటోంది.

ఇట్లు
త్రినాథరావు

*

బారి, ఇటలీ
24 మే 1981

బావకి నమస్కారాలు.

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. నా తిరుగుడు నీకు నచ్చలేదని తెలిసిపోయింది. "నువ్వు రాసుకో" అన్నావే, ఆ మాట రెండు రోజులు గుచ్చుకుంది. రెండేళ్ళు కష్టపడ్డాను, నాలుగు నెలలు తిరిగితే ఏం మునిగిపోయింది? సన్యాసిరాజుకేం, అతను ఎలమంచిలి దాటి వెళ్ళి ఎరగడు. నువ్వైనా అర్థం చేసుకుంటావనుకున్నాను.

సరే, కోపం అక్కడితో అయిపోయింది. అక్క ప్రశ్నకి జవాబు రాస్తాను. నిజానికి ఇంత మంచి ప్రశ్న నన్నింతవరకు ఎవరూ అడగలేదు.

అక్కా, ఇల్లు వానతో పోతుంది. భూకంపానికి పడిపోయినవి పక్కన పెట్టు, నిలిచిన ఇళ్ళ సంగతి చెబుతున్నాను. కొందరు పోతూ పోతూ తలుపులు, కిటికీలు ఊడదీసి పట్టుకుపోయారు. ఆ ఇళ్ళు ముందు పోయాయి. తలుపు తీసేసిన కన్నంలోంచి జల్లు కొడుతుంది, లోపలి గోడ నానుతుంది, ద్వారం పైన రాయి జారుతుంది, దానితో పాటు పైగోడ కూర్చుంటుంది. తర్వాత మేకలు, పిచ్చిమొక్కలు, ఎవరో ఒకరు వచ్చి ఇటుకలు పట్టుకుపోవడం. నాలుగైదు వర్షాకాలాలు చాలు. తలుపులు బిగించి తాళం వేసి వెళ్ళినవాళ్ళ ఇళ్ళు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఆ ఊరివాడే ఒక ముసలి మంగలి నాకు అక్కడ కనిపించాడు. తన ఇల్లు తనే తీసుకెళ్ళి చూపించాడు. పదమూడేళ్ళుగా మూసి ఉంది. తాళం తీస్తే లోపల గోడకి సున్నం కూడా రాలలేదు. తలుపే ఇంటికి గొడుగు అక్కా. ఇది నేను కళ్ళతో చూసి చెబుతున్న మాట.

అక్కకి ఈ విషయంలో ఇంత ఆసక్తి ఉందని తెలిస్తే ముందే రాసేవాణ్ణి.

పడవ దొరికితే వచ్చే వారం గ్రీసు వెళ్తాను. ఇకమీదట ఏథెన్సు పెద్ద పోస్టాఫీసుకి రాయండి.

సత్యం

*

గాజువాక పోస్టు, విశాఖపట్నం
15 జూన్ 1981

చి. సత్యానికి,

ఈ ఉత్తరం మీ అక్కకి తెలియకుండా, పోర్టు క్యాంటీనులో కూర్చుని రాస్తున్నాను. ఇంతకుముందు ఉత్తరంలో నీమీద విసుక్కున్న మాట నిజమే. కారణం వేరే ఉంది. నీకు చెప్పొద్దని మీ అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. "ఆడు సుకంగా తిరుగుతన్నాడు, ఇప్పుడెందుకు సెప్పడం" అంది. ఇక ఆ ఒట్టు తీసి గట్టుమీద పెడుతున్నాను.

మన ఊరు లేచిపోతోంది. ఫిబ్రవరిలో నోటీసులొచ్చాయి. స్టీలు ప్లాంటు ఈసారి నిజంగానే కడుతున్నారు. జూలై నెలాఖరులోగా ఊరు ఖాళీ చేసెయ్యాలి. తప్పు నాదే. శంకుస్థాపన చేసి రాయి పాతిన మూడేళ్ళకి, దాని చుట్టూ గడ్డి తప్ప ఏమీ మొలవకపోతే, ఇక ఫ్యాక్టరీ వచ్చినట్టే అని నవ్వుకుని డాబా ఇల్లు కట్టాను. నీ చేత ప్లాను గీయించాను. ఊరంతా నన్ను చూసి ధైర్యం తెచ్చుకున్నారు. ఏడేళ్ళకి ఇలా అయింది. కొత్త కాలనీలో ఐదు సెంట్ల స్థలం చూపించారు. గుంతలూ తుప్పలూ, ఇంకేమీ లేవు.

ఇప్పుడు అసలు సంగతి. ఎవరి ఇంటి కర్రా పెంకూ వాళ్ళు పట్టుకుపోవచ్చన్నారు. ఊరంతా అదే పని. పొద్దున లేస్తే సుత్తుల మోత. సన్యాసిరాజు ఇంటికి పైకప్పు లేదు, దూలాలన్నీ బండికెక్కించేశాడు. మా ఇంట్లో మాత్రం ఒక్క మేకు కూడా కదలలేదు. ఎందుకో తెలుసా? నీ ఉత్తరం వచ్చింది కనక.

నేను వడ్రంగి సూరన్నని వెంటపెట్టుకుని వచ్చాను. మీ అక్క వీధి గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఊరంతా పీకుతన్నారు, మనం సూత్తా కూకుంటామేటి?" అన్నాను.

"ఆడు దేశాలు తిరిగి సూసి రాసినాడు. తలుపులున్న ఇల్లు నిలబడతాది. నాను తియ్యనివ్వను" అంది.

"నిలబడి ఏటి సేత్తాది? బుల్‌డోజరొత్తాది."

"వత్తే రానీ. తలుపేసున్న ఇంటిమీదికి ఎలాగొత్తాడో నానూ సూత్తాను."

సూరన్న సంచీ దులుపుకుని వెళ్ళిపోయాడు. రెండోసారీ అదే జరిగింది. మొన్న ఆనందపురం నుంచి పంతులుగారిని తీసుకొచ్చి, ఇల్లు వదిలేటప్పుడు ఏదైనా పూజ చేయించండి, దీని మనసు కుదుటపడుతుంది అన్నాను. ఆయన, ఇంట్లోకి రావడానికి మంత్రాలున్నాయి గాని వెళ్ళిపోవడానికి లేవు నాయనా అన్నాడు.

ఆ ఎనిమిది తలుపులూ ఎలాంటివో నీకు తెలుసు. పోర్టు వేలంలో వచ్చిన టేకు. సూరన్న నాలుగు నెలలు కూర్చుని చేశాడు. అలాంటి కర్ర మళ్ళీ దొరకదు. దొరికినా ఈసారి నా వల్ల కాదు. అవి పోతే కొత్త చోట గోనెపట్టాలు కట్టుకుని బతకాలి. అదలా ఉంచు. మీ అక్కని చూస్తే నాకు భయం వేస్తోంది సత్యం. గచ్చు రెండుపూటలా కడుగుతోంది. వారం కిందట వసారాకి సున్నం వేసింది. వచ్చే నెల దాటితే ఉండని ఇంటికి సున్నం వేస్తున్న మనిషిని ఏమని కేకలెయ్యను?

నా మాట వినడం మానేసింది. నీ మాటే వింటుంది. నువ్వే రాయి. గోడ సంగతి రాసినంత గట్టిగా రాయి. రోజులు లేవు.

త్రినాథరావు

*

ఏథెన్సు, గ్రీసు
4 జూలై 1981

బావా,

నీ ఉత్తరం ఇక్కడికి ఎప్పుడొచ్చి కూర్చుందో, నేను కొండల్లోంచి దిగి ఇవాళ పోస్టాఫీసుకి వచ్చాను. చదివి అక్కడే నిలబడిపోయాను. కౌంటరులో ఆమె మంచినీళ్ళిచ్చింది.

ఉత్తరం చేరడానికి పదిహేను రోజులు పడుతుంది. అంతవరకు ఆగితే లాభం లేదని వెంటనే అక్క పేరున టెలిగ్రాం కొట్టాను. మూడే మాటలు. తలుపులు ఊడదీయండి, కింద నా పేరు. నీ పేరున పంపితే నువ్వే రాయించావనుకుంటుందని తన పేరునే పంపాను. ఈ ఉత్తరం వచ్చేసరికి అది అంది ఉంటుంది. చౌక టికెట్టు ఆగస్టు ఇరవైకి గాని దొరకలేదు, అంతకు ముందు రాలేకపోతున్నాను. క్షమించు. నీమీద కోపంతో రాసిన మాటలకి కూడా క్షమించు. కింద రాసింది అక్కకి ఇవ్వు.

అక్కా,

నువ్వు గోడ గురించి అడిగావు, నేను గోడ గురించి చెప్పాను. నీ ఇంటి గురించి అడుగుతున్నావని నాకు తెలియలేదు. తెలిసి ఉంటే ఇంకోలా రాసేవాణ్ణి.

ఆ మంగలి సంగతి సగమే రాశాను. మిగతా సగం రాస్తే బాగుండదని వదిలేశాను. ఆయన తాళం తీసి నన్ను లోపలికి వెళ్ళమన్నాడు గాని తను రాలేదు. బయటే నిలబడ్డాడు. నేను సున్నం ఎంత బాగుందో చూస్తూ అరగంట లోపలే ఉన్నాను. బయటికొచ్చేసరికి ఆయన గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆయన, పెళ్ళాం పదమూడేళ్ళుగా ఊరి కిందున్న రేకుల షెడ్డులో ఉంటున్నారు. కొత్త ఇల్లు ఇస్తామంటే తీసుకోలేదట. పై ఇల్లు బాగానే ఉందిగా, ఎప్పటికైనా వెళ్ళిపోతాం అని చెప్పారట. ఆ షెడ్డుకి తలుపు లేదక్కా, దుప్పటి కట్టుకున్నారు. నేను చూశాను. చూసి కూడా నీకు గోడ సంగతే రాశాను.

ఈ మూడు నెలల్లో నలభై ఇళ్ళు తిరిగి ఉంటాను. అవన్నీ చూసి సంతోషపడ్డానంటే, వాటిలో ఉన్నవాళ్ళ పేర్లు నాకు తెలియవు గనకే. నిన్న ఇక్కడ కొండమీద ఒక ఊళ్ళో ఇంకో పాడుబడ్డ ఇంట్లోకి వెళ్ళాను. ఇవాళ నీ సంగతి తెలిశాక, నిన్న ఆ ఇంట్లో ఈల వేసుకుంటూ తిరిగానని గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మన ఇంటిని వాన పడగొట్టబోవడం లేదు. నేను చెప్పిన లెక్కలేవీ దానికి పనికిరావు. నిలబెట్టడం నీ వల్ల కాదు, నా వల్లా కాదు. తలుపులు తీయించెయ్యి అక్కా. నామీద కోపం ఉంటే నేను వచ్చాక తిట్టు.

నీ తమ్ముడు
సత్యం

*

గాజువాక పోస్టు, విశాఖపట్నం
19 జూలై 1981

చిరంజీవి సత్యానికి దీవెనలు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. తలుపులు ఊడదీసి అప్పటికే పదకొండు రోజులైంది. అది ఎలా జరిగిందో రాస్తాను, కూర్చుని చదువు. మీ అక్క నిన్ను ఎన్ని తిట్లు తిట్టిందో కూడా రాస్తాను.

ఏడో తారీకున నేను పొద్దుటి ఎ షిఫ్టులో ఉన్నాను. పది గంటలప్పుడు పోస్టుమాను జగ్గయ్య మన ఊరొచ్చి, గుమ్మంలో నిలబడి మీ అక్కతో, "అమ్మా, టెలిగ్రామమ్మా. పారిన్నుంచి" అన్నాడట. అంతే. టెలిగ్రాం అంటే మన ఊళ్ళో ఏమిటో నీకు తెలియదా? మీ నాన్న పోయినప్పుడు వచ్చింది, మా పెద్దమ్మ పోయినప్పుడు వచ్చింది. తలుపులు తియ్యమని టెలిగ్రాం కొట్టినవాడు భూమి మీద నువ్వొక్కడివే. మీ అక్క అది ముట్టుకోలేదు. గడప మీద కూలబడి, "నా తమ్ముడు ఎల్లిపోనాడర్రా" అని ఒక్క కేక పెట్టిందట. నేను ఆ కేక వినలేదు. విన్నవాళ్ళు చెప్పారు.

విప్పి చదువుదామంటే చదివేవాడు లేడు. ఇంగ్లీషు వచ్చిన నరసింహమూర్తి మాస్టారు అంతకు ముందు వారమే కాలనీకి వెళ్ళిపోయాడు. సుత్తులన్నీ ఆగిపోయాయి. బండ్లెక్కించేవాళ్ళు బండ్లు వదిలేసి, కప్పుల మీదున్నవాళ్ళు దిగి, ఊరంతా మన వసారాలోకి వచ్చేశారు. నాలుగు నెలలుగా ఎవరి దూలం ఎవరు పట్టుకుపోయారని కొట్టుకుంటున్నవాళ్ళు కూడా పక్కపక్కనే కూర్చుని ఏడ్చారు. నీ చిన్నప్పటి కథలన్నీ చెప్పుకున్నారట. సెలవు పెట్టి ఊళ్ళోనే ఉన్న సన్యాసిరాజైతే, పాడుకొంపలో గోడ మీద పడి పోయి ఉంటాడని తేల్చి, ఆ రోజు నిన్ను చూసి నవ్వినందుకు తల బాదుకున్నాడు.

పక్కింటి అర్జునరావు సైకిలు తొక్కుకుంటూ పోర్టు గేటు దగ్గరికి వచ్చి కబురు పంపాడు. క్రేను దిగాను. మెట్లు ఎలా దిగానో తెలియదు. ఖనిజం లారీ ఒకటి పట్టుకుని గాజువాక వచ్చాను. దారి పొడుగునా నీకు రాసిన మొదటి ఉత్తరమే గుర్తొచ్చింది. నీ జన్మలో ఇంత సంతోషం ఎరగనని నువ్వు రాస్తే, నేను దానికి వెటకారంగా జవాబు రాశాను. రెండో ఉత్తరం నీకు అందకపోయి ఉంటే, అదే నీకు నా చివరి మాట అయిపోయిందేమో అనుకున్నాను. ఆ లారీలో నేను ఏడ్చిన సంగతి మీ అక్కకి చెప్పకు.

ఇంటికొచ్చి విప్పాను. నా వచ్చీరాని ఇంగ్లీషుతో రెండుసార్లు చదివాను. మూడోసారి పైకి చదివాను. "తలుపులు ఊడదియ్యమన్నాడు" అన్నాను.

సన్యాసిరాజు, "ఎవులు? ఆడేనా?" అన్నాడు.

"ఆడే. కింద సంతకం ఉంది."

మీ అక్క ఆ కాగితం లాక్కుని, ఇంగ్లీషు రాకపోయినా నీ పేరున్న చోట వేలు పెట్టి చూసుకుంది. తర్వాత నిన్ను తిట్టింది. నా పెళ్ళయ్యాక దాని నోటివెంట అన్ని మాటలు ఎప్పుడూ వినలేదు. తిట్టి తిట్టి, ముఖం కడుక్కుని, చెంబుడు నీళ్ళు తాగి సూరన్న వైపు తిరిగింది.

"నా తమ్ముడు బతికున్నాడు. ఇల్లు పోతే పోనీ. ఆ మరలు తీసీది ఇలా ఇయ్యి" అంది.

వీధి తలుపు మొదటి మర అదే తీసింది. తుప్పు పట్టి రాలేదు. సూరన్న పట్టుకోబోతే చెయ్యి తోసేసి, కొబ్బరినూనె పోసి తనే తీసింది. తక్కినవి తీయడానికి ఊరంతా ఉన్నారు. మూడు గంటలకల్లా ఎనిమిది తలుపులూ, పదకొండు కిటికీలూ వసారాలో గోడకి ఆనించి ఉన్నాయి. అందరికీ అన్నం వండింది. అంతమంది ఒకచోట కూర్చుని తినడం మా ఊళ్ళో అదే ఆఖరు. ఆ మర్నాటి నుంచి మళ్ళీ ఎవరి బండ్లు వాళ్ళవి.

నిన్న నీ ఉత్తరం చదువుతూ మీ అక్క మంగలి దగ్గర ఆగిపోయింది. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది. "ఆలకి తలుపు లేదట" అంది. అంతే అంది.

ఎల్లుండి సామాను తరలిస్తున్నాం. కాలనీలో ముందు తాటాకు పాక వేసుకుని, వానలు తగ్గాక కట్టడం మొదలెడతాం. ఇంతవరకు నువ్వు తిరిగింది చాలు అనను. టికెట్టు రోజు దాకా చూడవలసినవన్నీ చూడు, కోపం లేదు. ఒక్క మాట మాత్రం. వచ్చాక మన పాత ఇల్లు చూస్తానని బయల్దేరకు. అప్పటికి ఉన్నా సరే. ఇంకెవరి ఇల్లైనా చూడు, అది చూడకు.

నీకు పని ఉంది. తలుపుల కొలతలన్నీ ఈ కాగితం వెనక రాశాను. సూరన్న టేపు పట్టి కొలిచాడు, తప్పుండదు. స్థలం నలభై అడుగులకి యాభై నాలుగు, తూర్పు ముఖం. పాత ఇంట్లో సగం కూడా కట్టలేం. ఏ నాలుగు తలుపులో ఉంచుకుని మిగతావి అమ్మేద్దామన్నాను. మీ అక్క ఒప్పుకోలేదు. అందుకని ఈసారి ఇల్లు గీసి దానికి తలుపులు పెట్టకు. తలుపులు ముందు పెట్టుకుని వాటికి ఇల్లు గియ్యి. గదులు ఎంత చిన్నవైనా పరవాలేదట, ఒక్క తలుపు కూడా మిగలకూడదట.

ఇట్లు
మీ బావ
త్రినాథరావు